అధ్యక్షుల వారి సొంత ఉత్తరాలు

మా తెలుగు సంఘం అధ్యక్షుడు శశికాంత్ మనసు కరిగేలా ఉత్తరాలు రాస్తాడని ప్లెయిన్స్‌బరోలో పెద్ద పేరు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. రెండేళ్ళుగా ఆ ఉత్తరాలు రాసింది మా ఎదుటి అపార్ట్‌మెంట్ వసుమతి గారు.

ఆవిడ తెనాలిలో పదేళ్ళు హైస్కూలు పిల్లలకి తెలుగు చెప్పారు. అమెరికా వచ్చాక ఫార్మసీ కౌంటర్ వెనక ఇరవై ఏళ్ళు నిలబడి, మోకాళ్ళు అరగదీసుకుని రిటైరయ్యారు. సంఘంలో చేరితే ముందు పులిహోర కలపమన్నారు. కలిపారు. తర్వాత అధ్యక్షుడికొచ్చే మెయిల్స్ చూడమన్నారు. ఉద్యోగం పోయి వీసా గడువు ముంచుకొస్తున్నవాళ్ళు, మొగుడు కొడుతున్నాడని ఎవరికీ చెప్పుకోలేనివాళ్ళు అందులో తమ గోడు వెళ్ళబోసుకునేవారు. ఆవిడ పొద్దున్నే కాఫీ పెట్టుకుని ఒక్కొక్కరికీ జవాబు రాసేవారు. లాయర్ నంబర్ ఇచ్చేవారు. అవసరమైతే కారేసుకుని తనే వెళ్ళేవారు. ఉత్తరం కింద మాత్రం "మీ శశికాంత్" అని పెట్టేవారు.

"అధ్యక్షుడి పేరుంటే వాళ్ళకి ధైర్యం, ఉమా" అనేవారు నాతో. నాకది అప్పుడే నచ్చలేదు. గట్టిగా చెప్పకపోవడం నా తప్పు.

నమ్రత అలా రాసిన అమ్మాయే. భర్త దెబ్బలు తట్టుకోలేక ఐదేళ్ళ దియని తీసుకుని బయటికొచ్చేసింది. వసుమతి గారే వేరే ఊళ్ళో గది చూసిపెట్టి, ఇండియన్ స్టోర్‌లో స్వీట్స్ కౌంటర్ దగ్గర పని ఇప్పించారు. ఎక్కడుందో భర్తకి తెలియదు. అధ్యక్షుడు చెబితేనే ఇదంతా జరిగిందనుకుని, కాస్త కుదురుకున్నాక ఆ పిల్ల అతనికి పెద్ద ఉత్తరం రాసింది. లాండ్రీ పైన గది, స్టోర్‌లో పని, పాప స్కూలు, అన్నీ రాసింది. చివర్లో "ఇది మీ దగ్గరే ఉంచండి అన్నయ్యా" అంది.

ఈ ఏడు శశికాంత్ మళ్ళీ పోటీకి దిగాడు. ప్రచారానికని "అధ్యక్షుడి హృదయం" పేరుతో బుక్‌లెట్ వేసి వాట్సాప్ గ్రూపులన్నిట్లో వదిలాడు. మూడో పేజీలో నమ్రత ఉత్తరం. పేరొక్కటే తీసేశారు. లాండ్రీ, స్టోర్, స్కూలు అలాగే ఉన్నాయి.

వసుమతి గారు నన్ను వెంటబెట్టుకుని అతనింటికి వెళ్ళారు.

"శశీ, ముందు అది డిలీట్ చేయించు. వాడు చూశాడంటే ఆ పిల్లని పట్టేసుకుంటాడు."

"పేరు రిమూవ్ చేసినం కదా ఆంటీ. ఎవరికి తెలుస్తది?"

"అసలు ఆ ఉత్తరం నువ్వు చదివావా?"

"టీమ్ సెలెక్ట్ చేసింది. నాకు టైమ్ ఎక్కడిది? అయినా నా పేరు మీద వచ్చిన మెయిల్స్, నా పేరు మీద పోయిన రిప్లైలు. నా పర్సనల్ లెటర్స్ నేను వాడుకుంటే తప్పేంది?"

ఆవిడ లేచి గుమ్మం వైపు నడిచారు. ఆ పేరు పెట్టింది తనే మరి. బయటికొచ్చి కార్‌లోంచే నమ్రతకి ఫోన్ చేశాం. ఇల్లు మారడానికి వారం కావాలంది.

నాలుగో రోజే భర్త స్వీట్స్ కౌంటర్ ముందు నిలబడ్డాడు. స్టోర్ వాళ్ళు పోలీసుల్ని పిలవబట్టి సరిపోయింది. మర్నాడు తల్లీకూతుళ్ళు ఇంకో రాష్ట్రానికి బయల్దేరారు. సామాను సర్దింది మేమిద్దరమే.

"మల్లీ న్యూ స్కూలా, అమ్మమ్మా?" అని దియ వసుమతి గారిని అడిగింది. ఆవిడ దాని సీట్ బెల్ట్ పెట్టి తలుపేశారు.

శశికాంత్ గెలిచాడు. అదీ భారీ మెజారిటీతో. సిగ్గులేని సంఘం. అందులో నేనూ సభ్యురాలినే. ఆ సాయంత్రమే, నేను పక్కనుండగానే, శశికాంత్ వసుమతి గారికి ఫోన్ చేశాడు.

"ఆంటీ, మెంబర్స్ అందరికీ థాంక్స్ లెటర్ ఒకటి రాసివ్వండి. మీ స్టైల్‌లో, కొంచెం ఎమోషనల్‌గా."

"రాస్తాను నాయనా" అన్నారావిడ. ఆ ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది నాకు. ఆవిడ పది నిమిషాల్లో రాసి అతనికి పంపారు. అతను దాన్ని మూడు వేల కుటుంబాలకి తన చేత్తోనే పంపాడు.

"మిత్రులారా, గెలిపించినందుకు కృతజ్ఞతలు. రెండేళ్ళుగా నా పేరుతో మీకొచ్చిన ఉత్తరాల్లో ఒక్కటీ నేను రాయలేదు. మీరు నాకు రాసినవి ఒక్కటీ చదవలేదు. దాచమన్న ఉత్తరాన్ని ఓట్ల కోసం బయటపెట్టి, ఒక తల్లినీ బిడ్డనీ ఊరు దాటించాను. ఈ ఉత్తరం కూడా చదవకుండానే పంపుతున్నాను. మీ శశికాంత్."