అమ్మ ముగ్గుతో గీసిన హౌజు

తుర్కపల్లి దిక్కు నుంచి గాలి తిరిగిందంటే చాలు, మా పెరటిగోడ అవతల కట్టిన విల్లాల ఈతకొలను నుంచి బ్లీచింగు వాసన నేరుగా వంటింట్లోకి వచ్చి కూర్చుంటుంది. ఉల్లిగడ్డ పోపు వేసినా పోదు. పిల్లలు ముక్కు మూసుకుంటారు. ఆ కొలను ఉన్నచోట ఒకప్పుడు మా ద్రాక్షతోట ఉండేది. దానికి ఇటువైపు, మా ఇంటి వెనక, మా అమ్మ కట్టించుకున్న నీళ్ల హౌజు ఉండేది. దాని సంగతి తలచుకుంటే ఇన్నేళ్లయినా నా ఒళ్లు మండుతుంది.

తొంభైలలో శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే. ఎండలు ముదిరేసరికి అనాబెషాహి రకం గుత్తులు పచ్చరంగు వదిలి తేనెరంగుకు తిరుగుతుంటే, పందిరి కింది తడిమన్ను వాసన, తుత్తం సున్నం కలిపి కొట్టిన మందు వాసన, రాలి పులిసిన పండ్ల వాసన, వాటి మీద ముసిరే ఈగల రొద అన్నీ కలిసి తలకెక్కేవి. బాపు తల్లి, మా అవ్వ, గంపల్లో ఎండుగడ్డి పరిచి గుత్తులు సర్దుతూ చితికిన పండ్లు మాకు పెట్టేది, మంచివి బండెక్కేవి. మధ్యాహ్నం జొన్నగటకలో చల్ల పోసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తిని, అరుగు మీద గచ్చకాయలు ఆడదామని కూర్చుంటే గచ్చు కాలి తొడలు చుర్రుమనేవి. ఉగాదినాడు భక్ష్యాలు నెయ్యిలో ముంచి పెట్టినా ఆ ఉక్కకు సగం తిని వదిలేసేవాళ్లం.

మగపిల్లలకు ఈ బాధ లేదు. పొద్దున లేస్తే తోట బాయిలోనే ఉండేవాళ్లు. బాపు మా తమ్ముడి వీపుకు ఖాళీ డబ్బా కట్టి, నడుముకు తాడు వేసి, గట్టు మీద నిలబడి ఈత నేర్పించాడు. నేను దగ్గరికి పోతే ‘ఆడిపోరి, నీకేం పని ఈడ’ అని మట్టిపెడ్డ విసిరాడు. మా ఆడవాళ్లకు ఇంటి వెనక గోనెపట్టాలు కట్టిన మూల, ఒక బకెటు నీళ్లు, అంతే. అమ్మకు ఈత వచ్చు. తల్లిగారింట్లో చిన్నప్పుడు వాగులో మగపిల్లలతో పోటీపడి ఈదేదట. మా ఇంటికి కోడలిగా వచ్చాక మెడలోతు నీళ్లు మళ్లీ ఎరగదు.

మోటరుకు కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియక, తోట కోసం నీళ్లు నిలవ ఉంచడానికి బాపు హౌజు కట్టాలనుకున్నాడు. సిమెంటు తొట్టి. బాయి నీళ్లు అందులో పడి, అడుగున ఉన్న తూము గుండా తోట కాలువలోకి పోతాయి.

“బాయికాడ గాదు, ఇంటెనక గట్టుండ్రి,” అంది అమ్మ. “పొద్దుమీకి మేం గూడ నీళ్లల్ల ఇంత సల్లగ గూసుంటం.”

ఆ ఏడు కాపు బాగుంది, బాపు హుషారుగా ఉన్నాడు. “నీకెట్ల గావాల్నో నువ్వే గీస్కో,” అన్నాడు.

ఆ మాట ఇంకా బాపు నోట్లో ఉండగానే అమ్మ ముగ్గుడబ్బా తెచ్చింది. పెరట్లో నలుపలకలుగా గీత పోసింది. లోపల ఒక పక్కన అవ్వకు మెట్టు, చుట్టూ కూర్చోవడానికి గట్టు, పిల్లలకు లోతు తక్కువ మూల, దారి వైపు తాటాకు తడక. సాయంత్రానికి వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి ఆ పొడినేల మీద, గీతల లోపల, ఎవరి జాగాలో వాళ్లు కూర్చున్నారు. పక్కింటి బాలమ్మ భారీ మనిషి.

“పెద్దమ్మా, నువ్వే గంత జాగ వడితే మేమేడ గూసోవాలె? జర జరుగు,” అంది అవ్వతో.

“నువ్వు దిగినంక నీళ్లుంటయా పిల్లా? సగం తోటకే పాయె. నువ్వే జరుగు!”

నవ్వలేక బాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ కాలితో గీత చెరిపి, ఇంకాస్త వెడల్పుగా ముగ్గు పోసింది. నేను చెప్పులతో నడుచుకుంటూ పోతే అందరూ ఒక్కసారే అరిచారు: “ఏయ్, నీళ్లల్లకు చెప్పులేంది, ఇడిచి రా!” నేను నిజంగానే చెప్పులు విడిచి, లంగా మోకాళ్ల పైకెత్తి దిగాను.

మేస్త్రీ ఆ గీతల మీదనే కట్టాడు. గోడలు ఆరేదాకా అమ్మ రోజూ పొద్దున్నే బిందెలతో వాటికి నీళ్లు చల్లేది. హౌజు నిండిన రోజు, దిగడానికని పాత చీర ఒకటి పక్కన పెట్టుకుని, అందరికీ సరిపోయేలా శనగగుడాలు ఉడికించింది.

పొద్దు వాలుతుండగా మా చిన్నాయిన జీపు వచ్చింది. చిన్నాయిన బాపుకు తమ్ముడు. అప్పుడప్పుడే భూముల బేరాల్లో దిగి నాయకుల వెంట తిరుగుతున్నాడు. జీపులోంచి తెల్లబట్టల మనుషులు దిగారు.

“వదినా, మనోళ్లు పట్నంకెల్లి వచ్చిండ్రు. జర జల్దీ యాటకూర వండు. హౌజుల గూసుంటరు.”

“ఇయ్యాల మేం దిగుదామనుకున్నం,” అంది అమ్మ.

“రేపు దిగుండ్రి. నీళ్లేడికన్న వోతయా?”

గాలి ఆడటం లేదని తడక పీకించి పక్కన పడేయించాడు. అమ్మ బాపు ముఖంలోకి చూసింది. బాపు భుజం మీది రుమాలు తీసి, దులిపి, మళ్లీ వేసుకున్నాడు.

ఆ ‘రేపు’ రాలేదు. వారం దాటకుండా ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. వాళ్లు నీళ్లలో కూర్చుని భూములు కొని అమ్ముతుంటే, అమ్మ పొయ్యి దగ్గర చెమటతో తడిసేది. వాళ్లు పోయాక నీళ్ల మీద నూనె తెట్టె, గట్టు మీద నమిలిన బొక్కలు, సిగరెట్ ముక్కలు. అవన్నీ అమ్మే ఊడ్చేది. బాలమ్మ గోడ మీంచి “మన హౌజు ఏమాయె అక్కా?” అనడిగితే అమ్మ వినపడనట్టు లోపలికి పోయేది.

ఒక ఆదివారం, మెడలోతు నీళ్లలో ఉన్న పెద్దమనిషి ఒకడు ఖాళీ పళ్లెం పైకెత్తి, “ఏయ్ అమ్మా, ఇంకిన్ని ముక్కలు తే,” అని కేకేశాడు. సొంత ఇంట్లో పనిమనిషిని పిలిచినట్టు. అమ్మ గిన్నె కింద పెట్టింది. చీర కుచ్చిళ్లు దోపి, గోడ బయట తూము దగ్గర వంగి, గుడ్డ చుట్టి బిగించిన కర్ర పీకేసింది. నీళ్లు గుడగుడమంటూ ద్రాక్షతోటకు దూకాయి. వాళ్లకు ముందు తెలియనే లేదు. మెడ దాకా ఉన్న నీళ్లు రొమ్ముకు, బొడ్డుకు దిగి, చివరికి తెల్లబట్టల పెద్దమనుషులంతా తడి చెడ్డీలతో గచ్చు మీద ఎటు చూడాలో తెలియకుండా మిగిలారు.

“ఏం జేసినవ్ వదినా! ఇజ్జత్ దీస్తివి గదా!”

“తోట ఎండుతాంది,” అంది అమ్మ. “హౌజు తోటకే గదా గట్టింది?”

అవ్వ తలుపు వెనక నిలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఒక్క రాత్రికి మించి నిలవలేదు. మర్నాడు పొద్దున్నే బాపు ట్రాక్టరుతో ఎర్రమన్ను తెప్పించి హౌజు అంచుల దాకా నింపించాడు. “ఇగ ఎవ్వలకు వద్దు. పీడ వోయె,” అన్నాడు. అమ్మ గడపలో నిలబడి ఆఖరు తట్ట దాకా చూసింది. ఆ హౌజులో ఆమె ఒక్కనాడైనా కాలు పెట్టలేదు. ఆ మన్నులో బాపు మిరప వేశాడు. ఆ కాయలు అమ్మ ఏనాడూ కూరలో వేయలేదు, పచ్చడి నూరలేదు. చెట్టు మీదనే పండి ఎండిపోనిచ్చింది.

చిన్నాయిన మీద నాకు అంత కోపం లేదు. వాడి బుద్ధి అందరికీ తెలిసిందే. నీకెట్ల కావాలో గీస్కొమ్మని నోరారా చెప్పి, ఆ గీతల మీద ఆడవాళ్లు కూర్చుని నవ్వుతుంటే చూసి, అవసరమైన పూట రుమాలు దులుపుకున్న మనిషి మీద కోపం. బాపు పోయాడు, అమ్మా పోయింది, నా కోపం పోలేదు.

రెండువేల సంవత్సరం దాటాక బాయిలో అడుగు కనబడింది. బోర్లు వేస్తే దుమ్ము లేచింది. తీగలు నరికి పొయ్యిలో పెట్టారు. పందిరి రాళ్లు ఊడబీకి ప్లాట్ల హద్దులకు పాతారు. ఇప్పుడు అనాబెషాహి అంటే మా పిల్లలకు ఎవరిదో పేరులా వినపడుతుంది.

మొన్న తమ్ముడి ఇంటికి పోయాను. మేడ్చల్‌లో కొత్తగా కట్టుకున్నాడు. కట్టించబోయే ఈతకొలనును ఫోనులో వేలితో గీసిన బొమ్మ చూపించాడు.

“చిన్నదే అక్కా, ఇంటెనక. నలుగురు దోస్తులొస్తే సల్లగ గూసోనీకి. గీడ కుర్చీలేస్త, గీడ కోడి గాల్చే జాగ.”

“నీ పెండ్లాం యాడ గూసుంటది?”

తమ్ముడు నవ్వాడు. “దానికి నీళ్లంటే భయమక్కా.”

మరదలు చాయ్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“నాకు భయమని ఎవలు జెప్పిండ్రు?” అంది.

తమ్ముడు ఫోను జేబులో పెట్టుకోబోయాడు. నేను వాడి చేతిలోంచి లాక్కుని ఆమె చేతిలో పెట్టాను.