నిలువు రాయీ, అడ్డ రాయీ

బోధన్ రాకాసిపేటలో ఉండే నూరుల్లా మేస్త్రీ కొత్త ఇళ్లు కట్టడు. గోడ పగిలిందనో, గుమ్మం మీది రాయి కుంగిందనో ఎవరైనా ఫోన్ చేస్తే మోపెడ్ వేసుకుని వెళ్తాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఏ కట్టడంలోకి అడుగుపెట్టినా ముందు టార్చిలైటు తీసి దూలాల అడుగు భాగం చూస్తాడు. స్తంభాల దగ్గరికి ఆ తర్వాతే వస్తాడు.

ఈ అలవాటు ఆయనకు పదిహేడో ఏట వచ్చింది. తండ్రి చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో రాతిపని చేసేవాడు. ఒకసారి పక్క ఊళ్లో దొరల పాత గడిలో పని ఒప్పుకున్నాడు. పశువుల కొట్టం వాకిలి కింద గడప రాయి తీస్తుంటే, పైన అడ్డంగా ఉన్న రాయి నడుమకు విరిగి ఆయన కుడిచేతి మీద పడింది. వాకిలికి రెండు పక్కలా నిలబెట్టిన రాళ్లు మాత్రం కదల్లేదు. దవాఖానా నుంచి వచ్చాక తండ్రి కొడుకును వెంటబెట్టుకుని అక్కడికే వెళ్లాడు. విరిగిన చోట రాయి పైసగం తెల్లగా, కొత్తగా ఉంది. కింది సగం మసిపట్టి నల్లగా ఉంది.

"ఇది ఎప్పుడో పగిలింది బేటా. మనం కిందికెల్లి సూడలే" అన్నాడు తండ్రి.

ఆ చెయ్యి మళ్లీ సుత్తె పట్టలేదు. ఇల్లు గడిపే భారం నూరుల్లా మీద పడింది.

రెండేళ్ల కింద ఎండాకాలంలో మెండోర వైపు ఒక ఊరి నుంచి ఆయనకు ఫోన్ వచ్చింది. చేసినాయన దశరథం, పసుపు రైతు, ఊరి అభివృద్ధి కమిటీకి పెద్ద. ఊళ్లో పన్నెండు స్తంభాల పాత రాతి మండపం ఉంది. పెళ్లిళ్లన్నీ అందులోనే. ఇంకో పదిహేను రోజుల్లో దశరథం కూతురు అఖిల పెళ్లి కూడా అక్కడే. వేదిక ముందు రెండు స్తంభాలు అడ్డంగా ఉన్నాయనీ, వీడియో తీసేవాళ్లకు ఇబ్బంది అనీ, వాటిని తీసేయించాలని కమిటీ తీర్మానం చేసింది. పైగా అందులో ఒకదానికి పైనుంచి కిందిదాకా నిలువుగా చీలిక ఉంది. దాన్ని చూస్తే అందరికీ భయం.

నూరుల్లా వెళ్లి ఆ రెండు స్తంభాలను సుత్తెతో మెల్లగా తట్టాడు. తర్వాత నిచ్చెన అడిగి తీసుకుని దూలాలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. గంటన్నర పట్టింది. దిగి వచ్చాక దశరథంతో అన్నాడు.

"దశరథమన్నా, ఈ రెండు కంబాలు తియ్యద్దు. పగిలినదానికి ఇనుప పట్టీ బిగిస్తే ఇంక నూరేండ్లు నిలబడ్తది. నీకు ఇంకో కంబం పెట్టాలె, గా మూల దూలం కింద. దాని అడుగున సన్నగ పగులున్నది."

"రెండు తియ్యమని పిలిస్తే ఒకటి ఎక్కువ పెడ్తా అంటవేంది భాయ్? గా దూలం రెండడుగుల మందం ఉన్నది. దానికేమైతది?"

నూరుల్లా బయట పడి ఉన్న షాబాద్ బండ ముక్క ఒకటి తెచ్చాడు. రెండు ఇటుకలు దగ్గరగా పెట్టి, వాటి మీద బండను పరిచి, దశరథాన్ని ఎక్కమన్నాడు. ఎక్కాడు. ఏమీ కాలేదు. దిగమని, ఇటుకలను బండ చివరలదాకా జరిపి మళ్లీ ఎక్కమన్నాడు. రెండో కాలు పెట్టేలోపే బండ నడుమకు పటుక్కున విరిగింది. నూరుల్లా విరిగిన ముక్కల్లో ఒకదాన్ని నిలువుగా నిలబెట్టి, పక్కకు ఒరగకుండా పట్టుకుని, దాని మీద తన బరువంతా మోపాడు. అది అలాగే ఉంది.

"రాయి ఒక్కటే. నిలబెడితే ఎంత బరువైనా మోస్తది. పండబెడితే నడుమ వంగ చూస్తది. వంగుడు రాయికి రాదు, కిందికెల్లి పగుల్తది. పైన సూస్తే మంచిగనే కనవడ్తది. ఇంకొకటి, ప్రతి దూలం ఒక కంబం మీదికెల్లి ఇంకో కంబం దాకనే ఉన్నది. రెండు దూలాల కొసలు కంబం నెత్తి మీద కలుస్తయి. కంబం తీస్తే కొసలు దేని మీద కూసుంటయి?"

దశరథంతో పాటు కమిటీ వాళ్లు కూడా అక్కడే ఉన్నారు. స్తంభాల బదులు ఇనుప గర్డర్ వేస్తే సరిపోతుంది కదా అన్నాడు వాళ్లలో ఒకతను. ఇంజనీరుతో లెక్క కట్టించకుండా తాను ముట్టుకోనని నూరుల్లా చెప్పాడు. అంత తీరిక లేదన్నాడు దశరథం. సోమవారం నిజామాబాద్ నుంచి వేరే మనిషిని పిలిపిస్తానన్నాడు.

బయల్దేరే ముందు నూరుల్లా మళ్లీ నిచ్చెనెక్కి, మూల దూలం అడుగున ఉన్న సన్నని పగులుకు అడ్డంగా బెత్తెడు సున్నం పట్టీ పూశాడు. అంతవరకూ ఒక పక్కన నిలబడి వింటున్న అఖిలను పిలిచి చూపించాడు.

"బిడ్డా, రోజొకసారి సూడు. పట్టీ గిట్లనే ఉంటే రాయి కదుల్తలేదు. పగిలితే నాకు ఫోన్ కొట్టు."

మొదటి రెండు రోజులూ పట్టీ అలాగే ఉంది. మూడో రోజు పొద్దున అఖిల నిచ్చెనెక్కి ఫోన్ వెలుగులో చూస్తే పట్టీ రెండుగా చీలి ఉంది. తండ్రిని పిలిచి చూపించింది. ఆయన వేలితో తడిమి, కిందికి దిగి, నిజామాబాద్ మనిషికి రావద్దని చెప్పాడు. నూరుల్లాకు ఆమే ఫోన్ చేసింది.

"మీద ఏమన్న పెట్టిండ్రా బిడ్డా?"

"వంటలకని నిన్న నీళ్ల ట్యాంకు ఎక్కిచ్చి నింపిండ్రు చాచా."

"ముందు నీళ్లు విడువుమను. కింద ఎవ్వర్ని ఉండనియ్యకు. నేనొస్తున్న."

బోధన్ నుంచి ఆయన వచ్చేసరికి ట్యాంకు ఖాళీ అయింది. మండపం చుట్టూ తాడు కట్టి ఉంది. మూల దూలం అడుగు నుంచి అరచేయంత రాతి పెచ్చు రాలి నేలమీద పడి ఉంది. ఎప్పుడూ పెళ్లికొడుకు వైపు వాళ్లకు కుర్చీలు వేసేది సరిగ్గా అక్కడే. దశరథం ఆ పెచ్చును చేతిలోకి తీసుకుని చూశాడు.

"తప్పు నాదే భాయ్. నువ్వేం జేస్తవో గది చెయ్యి" అన్నాడు.

"బాపూ, పెండ్లి షామియానా కింద చేద్దాం. ఆయనను తొందరవెట్టకు" అంది అఖిల.

నూరుల్లా ఆ సాయంత్రంలోగా ఇనుప జాకీలు తెప్పించి దూలాన్ని ఎత్తిపట్టాడు. నిలబెట్టడానికి తగిన రాయి దొరకడానికి వారం పట్టింది. కింద పునాది తవ్వి, రాయి నిలబెట్టి, దూలానికీ స్తంభానికీ మధ్య సందు లేకుండా పలక రాళ్లు దిగ్గొట్టడానికి ఇంకో పది రోజులు. ఈలోగా అఖిల పెళ్లి బడి మైదానంలో షామియానా కింద జరిగింది. నూరుల్లా తన భార్య జకియాతో కలిసి వెళ్లి భోజనం చేసి వచ్చాడు. చీలిన స్తంభానికి ఇనుప పట్టీ బిగించడం ఆఖరి పని.

తర్వాత ఆ మండపంలో చాలా పెళ్లిళ్లయ్యాయి. కొత్త స్తంభం వెనక కూర్చున్నవాళ్లకు వేదిక కనబడదు. వాళ్లు ఇప్పటికీ సణుగుతారు. దశరథం మాత్రం ఎవరు సణిగినా రాలిన పెచ్చు తెచ్చి చూపిస్తాడట.

పని ముగించి ఇంటికి వచ్చిన రోజు జకియా నీళ్లిస్తూ అడిగింది.

"రెండు కంబాలు తీస్తందుకు పోయి ఒకటి పెట్టొచ్చినవా?"

"అవ్" అన్నాడు నూరుల్లా. నీళ్లు తాగి, మర్నాడు డిచ్‌పల్లిలో చూడాల్సిన గోడ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.