నిలబడి పెట్టిన సంతకం

మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్‌ని అందరం బాబాయ్ అనేవాళ్లం. నా డిగ్రీ చదువుకు బ్యాంకు అప్పిస్తానంది కానీ హామీ సంతకం అడిగింది. ఇంటర్‌తో చదువు చాలని నాన్న పెట్టనన్నారు. ఆఖరి రోజున బాబాయ్ నాతో వచ్చారు.

మేనేజరు కుర్చీ చూపించింది. దాని అంచున కూర్చుని ఆయన పెట్టిన సంతకం ఆ బ్యాంకులోని ఆయన జీతం ఖాతా రికార్డులో ఉన్నదానితో కలవలేదు. రెండోదీ కలవలేదు.

"ఇది మీ సంతకమేనా, పెద్దాయనా?"

"నాదేనమ్మా. ఇవాళెందుకో నా మాట వినట్లేదు."

"ఇంకొక్కసారే చూస్తాను. తర్వాత కుదరదు."

అప్పుడు నాకు తట్టింది. ల్యాబ్‌లో ఆయన కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. హాజరు పుస్తకంలో కూడా నిలబడే సంతకం చేసేవారు.

"బాబాయ్, లేచి పెట్టండి."

"మేడం కూర్చోమంటే లేస్తే బాగుంటుందా తల్లీ?"

"ల్యాబ్ అనుకోండి!"

ఆయన లేచి, బల్ల మీదికి వంగి, ఒక్క ఊపున గీశారు. మేనేజరు రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూసి, ముద్ర కొట్టింది.

"చదువు నీదీ, పరీక్ష నాదీనా!" అన్నారు బాబాయ్ చెమట తుడుచుకుంటూ.

ఇప్పుడు నా పాపకు రెండేళ్లు. రేపు దాని చదువు విషయంలో నాన్నలా నేనే మొండికేస్తానేమోనని భయం. వేస్తే మాత్రం, దానికీ ఒక బాబాయ్ దొరకాలి.