చిల్లుల్లేని గుండీ

ఆ వీధిలో కోటు కుట్టించుకునేవాళ్ళు మిషను కాజా ఒప్పుకునేవారు కాదు. గుండీల మాస్టారి చేతి కాజాయే కావాలని పట్టుబట్టి వారం పది రోజులైనా ఆగేవారు. కొట్టు అక్కాతమ్ముళ్ళది. అక్క కత్తిరించి మిషను మీద కుట్టేది. తమ్ముడు, అంటే ఆ గుండీల మాస్టారు, మూలన పీట మీద కూర్చుని కాజాలూ గుండీలూ చూసుకునేవాడు. వెనకున్న రెండు గదులే ఇల్లు. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదేమని ఎవరైనా అడిగితే, "మా గుండీలకి మేమే కాజాలం, నీకేం పోయిందయ్యా?" అని అక్క కసిరేది. అబ్బో, ఆమె నోటికి వీధంతా జడిసేది.

ఆరేళ్ళ కింద తమ్ముడికి జబ్బు చేసింది. రేడియోలో వార్తలు చదివేవాళ్ళు తన పేరు పెట్టి తిడుతున్నారని తిండి మానేశాడు, నిద్ర మానేశాడు. చివరికి ఆసుపత్రిలో డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. నెల తిరిగేసరికి ఆ గొంతులు ఆగిపోయాయి. ఆ చిన్న తెల్ల మాత్రను అక్క కళ్ళకద్దుకోవడమొక్కటే తక్కువ.

కానీ మాత్ర ఊరికే మేలు చేసి ఊరుకోలేదు. తమ్ముడికి నోరు ఎండిపోయేది, పట్టపగలే నిద్ర ముంచుకొచ్చేది. ఒళ్ళు వచ్చి చొక్కాలన్నీ రెండుసార్లు వదులు చేయాల్సి వచ్చింది. మెలకువగా ఉన్నంతసేపూ కాళ్ళు నిలవక కాలుగాలిన పిల్లిలా కొట్టంతా తిరిగేవాడు. అన్నిటికీ మించి చేతులు వణికేవి. సూదిలో దారం ఎక్కించడమే గగనమైపోయింది. అందుకని రోజూ పొద్దున్నే అక్క పన్నెండు సూదుల్లో దారం ఎక్కించి అతని పక్కన మెత్తకు గుచ్చి పెట్టేది.

అతనికి చెప్పకుండా ఇంకో పని కూడా చేసేది. మధ్యాహ్నం అతను భోంచేసి కునుకు తీయగానే, వంకర పోయిన కాజాలను బ్లేడుతో విప్పి, గబగబా తనే మళ్ళీ కుట్టేసేది. పాపం, వాడి మనసెందుకు కష్టపెట్టాలి అనుకునేది పిచ్చితల్లి.

ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ డాక్టరమ్మ అడిగేది, "మాత్రలతో ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అని. తమ్ముడు నోరు తెరిచేలోపే అక్క అందుకునేది. "అబ్బే, ఏం లేవండీ. రాయిలా ఉన్నాడు!" ఉన్నాయంటే మాత్ర ఆపేస్తారేమో, ఆ గొంతులు మళ్ళీ వస్తాయేమో అని ఆమెకు లోపల ఒకటే దడ.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున అక్క సూదుల కోసం వచ్చి చూస్తే, తమ్ముడు తనే దారం ఎక్కించుకుంటున్నాడు. ఒక్క గురిలో ఎక్కించేశాడు. అక్క ఆనందం పట్టలేక ఎదురుగా ఉన్న ఇస్త్రీ ఆవిడను కేకేసింది. "ఏమే, మా వాడి చెయ్యి తిరిగొచ్చిందే! వచ్చి చూసిపో!" నాలుగు రోజులు వీధంతా చాటింపు వేసింది. నాలుగోనాడు తమ్ముడు కొట్లో రేడియో కట్టేశాడు. తలనొప్పి అన్నాడు. సరే కాబోలనుకుని ఆమె ఊరుకుంది.

ఆ మర్నాడే బస్సు కండక్టరొకడు చొక్కా గుండీ ఊడిందని, నిలబడే కుట్టించుకు పోతానని వచ్చాడు. తమ్ముడు లోపల ఉన్నాడు. అక్క తెల్ల గుండీల డబ్బాలో చెయ్యి పెట్టి ఒకటి తీసి సూది గుచ్చబోయింది. సూది జారింది. మళ్ళీ గుచ్చింది. మళ్ళీ జారింది.

"ఏమిటబ్బా, ఈ గుండీకి చిల్లులే లేవు!" అని వెలుతురులో పెట్టి చూసింది. వేళ్ళకు తెల్లటి పొడి అంటింది. గుండీ కాదు, మాత్ర! డబ్బా బల్ల మీద బోర్లించి వెతికితే అలాంటివి పద్నాలుగు దొరికాయి.

"ఒరేయ్! ఇలా రా! ఏమిట్రా ఇవి?"

తమ్ముడు గుమ్మంలోకి వచ్చి బల్ల వంక చూశాడు. బుకాయించలేదు.

"ముందు నువ్వు చెప్పక్కా. నా కాజాలు విప్పి మళ్ళీ ఎందుకు కుడుతున్నావు?"

అక్క చూపు బ్లేడు మీదికి పోయింది.

"నీ కుట్టు నాకు తెలీదా? నువ్వు కుడి నుంచి మొదలెడతావు, నేను ఎడమ నుంచి. చేతగాలేదురా అని మొహం మీదే చెప్పొచ్చుగా. దొంగచాటుగా జాలిపడ్డమెందుకు? మాత్ర మానేశాక చెయ్యి నిలబడింది, అందుకే వేసుకోవట్లేదు."

"మరి రేడియో?"

తమ్ముడు గొంతు తగ్గించి అన్నాడు, "మొన్నటి నుంచి మళ్ళీ పిలుస్తున్నారక్కా. మెల్లగా. నాకు భయమేస్తోంది."

అక్క అతన్ని దగ్గరికి లాక్కుని బావురుమంది. "తప్పు నాదేరా. చెప్పాల్సిన చోట నోరు మూసుకున్నాను."

"అమ్మా, నా గుండీ..." అని కండక్టరు గొణిగాడు.

"పిన్నీసు పెట్టుకుని పో నాయనా!" అని కొట్టు మూసేసి, తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది.

ఈసారి దేన్నీ దాచలేదు. కాజాల సంగతితో సహా చెప్పేసింది. డాక్టరమ్మ అంతా విని నిట్టూర్చింది.

"ఆరేళ్ళు దాచారా! ఆ వణుకూ, కాళ్ళు నిలవకపోవడమూ మాత్ర వల్లేనమ్మా. అప్పుడే చెప్పుంటే దారి చూసేదాన్ని. ఇప్పుడు మాత్ర మారుద్దాం, మోతాదు జాగ్రత్తగా సరిచేసుకుందాం. షుగరూ బరువూ కూడా చూడాలి. వణుకు పూర్తిగా పోతుందని మాటివ్వలేను. కానీ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది." తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఇకమీదట ఇబ్బందులేమిటో మీరే చెప్పాలి. అక్కగారు కాదు."

మూడు నెలలు పట్టింది. గొంతులు పోయాయి. కాళ్ళు కుదుటపడ్డాయి. వణుకు చాలా తగ్గింది గానీ బొత్తిగా పోలేదు.

ఆ తర్వాత వచ్చిన మొదటి కోటుకు తమ్ముడు కాజాలు కుట్టాడు. రెండు బాగా కుదిరాయి. మూడోది వంకర పోయింది. మిషను దగ్గరున్న అక్క కంట అది పడనే పడింది. చెయ్యి దానంతటదే బ్లేడు మీదికి పోయింది. గబుక్కున వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. అంత నోరున్న మనిషి పెదవి కొరుక్కుని కూర్చుంది.

తమ్ముడు కోటును వెలుతురుకు పట్టి చూశాడు.

"వంకరొచ్చింది కదక్కా?"

"వచ్చిందిరా."

"బ్లేడు ఇలా ఇవ్వు. నేనే విప్పుకుంటా."

అక్క లేచి వచ్చి బ్లేడు అతని చేతిలో పెట్టింది. ఒక్కొక్క కుట్టూ కోసి, పోగులన్నీ ఏరి పక్కన పెట్టి, అతను సూది ఆమె ముందుకు చాపాడు.

"దారం మాత్రం నువ్వు ఎక్కించు. నాకింకా కుదరట్లేదు."