నీళ్ళు పడ్డందుకు పన్ను

మా చిన్నప్పుడు... చిన్నాయన ఇంటి కప్పులోంచి వెదురు బొంగు కిందికి దించాడంటే చాలు, పిల్లలమంతా చుట్టూ మూగేవాళ్ళం. కుంఫిణీవాళ్ళు ఏలే రోజులవి. సూలూరుకు రెండు కోసుల దూరంలో మా నల్లరేగడి పల్లె. నాకు తొమ్మిదేళ్ళు. చిన్నాయన మా నాయనకు తమ్ముడు, ఇరవై రెండో మూడో ఉంటాయి.

ఆ బొంగులో ఆయన నాలుగేళ్ళుగా రూపాయలు వేస్తున్నాడు. పత్తి అమ్మితే తన వంతు అందులోకే. రెండు దూడల్ని కోడెలయ్యేదాకా పెంచి అమ్మాడు... అదీ అందులోకే. ఆకువక్క మానేశాడు. కొత్త పంచె కొనడు. చినిగినచోట తనే కుట్టుకునేవాడు, ఆ కుట్లు చూస్తే మాకు నవ్వాగేది కాదు.

మా అవ్వకు మాత్రం ఒళ్ళు మండేది.

"బొంగుకుండే కడుపు కూడా నీకు లేదేమిరా! పెండ్లి కావాల్సినోడివి, ఎండుకట్టె మాదిరి ఉండావు. ఆ రూకలకు బంగారం కొనిపెట్టుకోరా, కష్టమొస్తే కూటికి ఆసరా."

"బంగారం పిల్లలు పెడతాదా అమ్మా? బాయి తవ్వితే ఏటేటా పెడతాది" అనేవాడు చిన్నాయన.

ఆయన పాలికొచ్చింది మెట్ట చేను. వాన పడితే సజ్జ, జొన్న... పడకపోతే దుమ్ము. అందులో ఒక్క బావి ఉంటే రాగి వేయచ్చు, మిరప వేయచ్చు, పొగాకు వేయచ్చు. నిద్రలో కూడా ఆ మాటే మాట్లాడేవాడు, ఒట్టు!

చివరికి ఒడ్డెవాళ్ళు వచ్చి తవ్వడం మొదలుపెట్టారు. నల్లమట్టి పోయింది, సున్నపు గుల్ల పోయింది, ఆ కింద రాయి తగిలింది. రాయి కొట్టేసరికి బొంగు ఖాళీ! చిన్నాయన గట్టున తల పట్టుకుని కూర్చున్నాడు.

అన్నాళ్ళూ తిట్టిన అవ్వే చెవుల కమ్మలు తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇంత దూరం పోయినాక నిలుపుతారా ఎవరన్నా? కొట్టించు" అంది. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆ కమ్మలను మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కూడా కాదు.

నీళ్ళు పడ్డాయి... అబ్బ, ఎంత తీపి నీళ్ళో! కపిల కట్టి ఎద్దుల్ని తోలితే తోలుసంచి నిండుగా పైకొచ్చేది. కాలవలో పడి దొర్లేవాళ్ళం. రాగి పైరు నా మోకాళ్ళదాకా లేచింది. చిన్నాయన పైరు మధ్యలో నిలబడి ఊరికే నవ్వుకునేవాడు.

అప్పుడొచ్చాడు, ఊరి భూముల లెక్కలు రాసే కణక్కుపిళ్ళ. బావి చుట్టూ తిరిగాడు, తొంగి చూశాడు, దోసెడు తాగాడు కూడా.

"మంచి నీళ్ళబ్బా. ఇంక ఇది మెట్ట కాదు, తోట. తోట తీరువ కట్టాల" అన్నాడు. తీరువ అంటే సర్కారు పన్ను.

"ఎంత సామీ?"

చెప్పాడు. పాతదానికి నాలుగింతలు! చిన్నాయన ఆయనకు అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

"బాయి నేను తవ్వించినాను గదా సామీ! సర్కారు ఒక్క కాసు ఇచ్చినాదా?"

"ఇవ్వలేదు. నీళ్ళు పడినాయి గదా? నీళ్ళుంటే తోట, తోటయితే తీరువ. నేను పెట్టిన చట్టమా ఇది?"

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటే ఇదే గదరా!" అని అవ్వ అక్కడే కూలబడింది.

చిన్నాయన తాలూకా కచేరీకి తిరిగాడు... కాళ్ళు పగిలేలా తిరిగాడు. రెండేళ్ళు పండిందంతా తీరువకే పోయింది. మూడో ఏడు తీరువ బాకీకి ఎద్దులు కూడా పోయాయి. ఆఖరికి కచేరీలో ఒక మాట చెప్పి పంపించారు: బావి లేకపోతే మళ్ళీ మెట్టగా రాస్తాం.

నాకు అర్థం కాలేదు. బావి లేకపోవడం ఏమిటి, ఉంది కదా! తట్టలూ పారలూ చేనికి మోస్తుంటే అప్పుడు తెలిసింది. నీళ్ళు పడలేదని ఏడ్చినవాళ్ళను చూశాను కానీ, పడ్డ నీళ్ళను మట్టేసి చంపడం ఎవరన్నా చూశారా?

ఊరంతా వచ్చింది. చిన్నాయన మట్టి తట్ట పట్టుకుని గట్టున నిలబడ్డాడు, చేతులు లేవవు. అవ్వ ఆ తట్ట లాక్కుంది. "నువ్వు పక్కకు పోరా నాయనా, నేనేస్తాను" అని తనే మొదటి తట్ట కుమ్మరించింది. ధబ్బుమని నీళ్ళు ఎగిరాయి. "వద్దవ్వా, వద్దు!" అని నేను అరిచిన అరుపులకు మా అమ్మ నన్ను ఈడ్చుకుపోయింది. పూడ్చడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఆ తరవాత చిన్నాయన పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, కానీ నేలలో మళ్ళీ ఒక్క కాసు పెట్టలేదు.

కుంఫిణీ పోయి రాణిగారి పాలన వచ్చింది. నాకూ పిల్లలు పుట్టారు. ఒకరోజు మా వీధిలో దండోరా... సొంత డబ్బుతో బావి తవ్వుకున్నవాళ్ళకు ఇకమీద ఎక్కువ తీరువ లేదు! అరుగు మీదున్న చిన్నాయన లేచి దండోరావాడిని ఆపాడు.

"ఇంకోసారి చెప్పబ్బా."

వాడు చెప్పాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాడు.

"తవ్వేటోళ్ళకు సరే... పూడ్చినోళ్ళకు ఏమి చెప్పమన్నారు?"

వాడు డప్పు కొట్టుకుంటూ పక్క వీధికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మా మనవలు బావులు తవ్వుకుంటున్నారు. నీళ్ళు పడితే బెల్లం పంచుతారు. నా చేతిలోనూ ముక్క పెడతారు, నేనది పక్కనున్న పిల్లోడి చేతిలో పెట్టేస్తాను... మీ ఊళ్ళోనూ ఇట్లా పూడ్చిన బావి ఒకటి ఉండే ఉంటుంది. ఎవరు తవ్వించారో, పూడ్చేటప్పుడు ఎవరు ఏడ్చారో మీ పెద్దవాళ్ళను అడిగి నాకూ చెప్పండి... మా ఒక్క ఇంట్లోనే జరిగిందా ఈ ఘోరమని ఈ వయసులోనూ అనుకుంటూనే ఉన్నాను.