పనల మీద పచ్చదనం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు డిసెంబరులో, తుపాను తీరం దాటాక, పంట నష్టం పటం తయారుచేసే బృందానికి అధికారిగా నన్ను బందరు పంపారు.

ఉపగ్రహ చిత్రాల నుంచి పైరు ఆకు విస్తీర్ణాన్ని అంచనా కట్టడం మా పని. చదరపు మీటరు నేల మీద ఎన్ని చదరపు మీటర్ల ఆకు ఉందో చెప్పే సంఖ్యను ఆకు విస్తీర్ణ సూచిక అంటాం. ఉపగ్రహం ఆకును కొలవదు. ఎరుపు, పరారుణ కాంతులు నేల నుంచి ఎంతెంత తిరిగి వస్తున్నాయో నమోదు చేస్తుంది. ఎంత ఆకు ఉంటే అంత వెలుగు వస్తుందో మా నమూనా వెనక్కు లెక్కిస్తుంది. తుపాను తర్వాత సూచిక తగ్గితే నష్టం, తగ్గకపోతే లేదు. ఇదీ విధానం.

మబ్బు విడిచాక వచ్చిన మొదటి చిత్రంలో గూడూరు మండలంలోని కొన్ని ఊళ్లలో సూచిక పెరిగింది. నమూనా నడిపే సైంటిస్టు శైలజ విధానం ప్రకారం వాటిని 'నష్టం లేదు' వర్గంలో వేసింది. ముసాయిదా అలాగే వెళ్తే ఆ ఊళ్లకు పరిహారం రాదు.

పండిన వరి మళ్లీ పచ్చబడదు. తుపానుకు ముందటి చిత్రం తెరిపించాను. ఆ చేలలో సూచిక అప్పటికే సున్నాకు దగ్గర. అంటే కోత అయిపోయింది. కోసిన చేలో ఆకెక్కడిది?

"మినుము అయి ఉంటుంది సార్. కోతకు ముందే చల్లుతారుగా" అంది శైలజ.

అయి ఉండవచ్చు. కానీ పటంలో 'అయి ఉండవచ్చు' అనే వర్గం లేదు. కొలవకుండా సంతకం చేయనని డైరెక్టరు గారికి ఫోనులో చెప్పి, ఒక్క రోజు గడువు అడిగాను. ఇచ్చారు, ఇష్టంగా కాదు.

గూడూరు దాటాక ఒక చేలో కొలత చట్రం పరిచి, దాని కింద కోసి పరిచి ఉన్న వరి పనను ఎత్తాను. కంకుల్లోని గింజలన్నీ మొలకెత్తి, వేళ్లు పెనవేసుకుని, పన చాపలా ఒకటే ముక్కగా లేచింది. ఆ చేను కౌలుకు చేస్తున్న నాంచారయ్య గట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

"ఆకులు ఏరుకోడానికి ఇంత దూరం వచ్చారా సార్? మేతకైతే బోలెడుంది, పట్టుకెళ్లండి."

మినుము ఏమైందని అడిగాను.

"నీళ్లలో కుళ్లిందండీ. వడ్లు అమ్ముకుందామని కోస్తే నారు పోసుకున్నట్టయింది. జాబితాలో మా ఊరు ఉంటుందాండీ?"

కొలత రాసి ఇవ్వడం వరకే నా పని అన్నాను.

"అదన్నా సరిగ్గా రాయండి. కిందటేడు వచ్చినాయన జీపు దిగలేదు."

చట్రంలోని మొలకల నుంచి కోసిన ఆకును స్కానరులో కొలిస్తే ఉపగ్రహపు సంఖ్యకు దగ్గరగానే వచ్చింది. నమూనా తప్పు చెప్పలేదు. ఆకు ఉంది. ఆ ఆకే నష్టం.

పక్క ఊళ్లలోనూ కొలిచి, కోత తర్వాత పచ్చబడిన చేలను నష్టం కింద చేర్చాం. నాంచారయ్య ఊరు జాబితాలోకి వచ్చింది. నందివాడ వైపు ఆలస్యంగా నాటిన చేలలో సూచిక తగ్గింది పంట పండినందువల్లే. వెళ్లి చూస్తే వరి నిలబడే ఉంది. వాటిని నష్టం జాబితా నుంచి తీసేశాం. అక్కడివాళ్లు ఫోన్లు చేసి తిట్టారు. కొలతలు చదివి వినిపించాను.

ఎంత ఆకు ఉందో చెప్పడం సగం పనే. ఆ తేదీకి ఆ చేలో ఆకు ఉండాలో వద్దో తేలితేనే ఆ సంఖ్యకు అర్థం. ఆ తర్వాత, నాట్ల తేదీలూ కోతల తేదీలూ పక్కన లేకుండా నేను ఏ పటం మీదా సంతకం చేయలేదు.