నూట ఎనిమిది చుట్లు, రెండో మిషన్

ఒక సోమవారం పొద్దున నా కాలు చెప్పులోకి దూరలేదు. చెప్పు తడిసి బిగిసిందనుకుని దాన్నే తిట్టాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చిక్కడపల్లిలో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతూ, ఆ టకటకల మధ్య అరిచి అరిచి అలా తయారయ్యాను. మా ఆవిడ విజయ వంగి చూసింది.

"చెప్పుకేం గాలె. మీ కాళ్ళు ఉబ్బినయ్. ముఖం గూడ ఉబ్బింది, అద్దంల చూసుకున్నరా?"

చూసుకోలేదు. పరీక్షల ముందు రోజులు, బ్యాచ్‌లన్నీ నిండుగా ఉన్నాయి. ఇంకో రెండు వారాలు అలాగే లాగాను.

నారాయణగూడలో డాక్టరుగారు బీపీ ఒకసారి చూసి, నమ్మకం కుదరక మళ్ళీ చూశారు. రక్తం, మూత్రం, స్కానింగ్ అన్నీ అయ్యాయి. "క్రియాటినిన్ ఒకటి దగ్గర ఉండాలె, తొమ్మిది దాటింది. రెండు కిడ్నీలూ చిన్నగైనయ్. ఇన్ని రోజులు ఏం చేసిన్రు మాస్టారూ?" అన్నారు. తలనొప్పి తగ్గిందని బీపీ మాత్రలు ఎప్పుడో ఆపేశానని చెప్పాను. ఆయన తిట్టకుండా మందుల చీటీ రాశారు. తిడితే పోట్లాడేవాణ్ణి.

మందులతో కొన్నాళ్ళు నెట్టాక డయాలసిస్ తప్పలేదు. సూదులు గుచ్చడానికి వీలుగా మణికట్టు దగ్గర రెండు రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేశారు. పెద్ద ఆసుపత్రి ఖర్చు మా వల్ల కాదు. నారాయణగూడలోనే ఒక ట్రస్టు వాళ్ళ చిన్న సెంటర్‌లో తక్కువలో చేసేవారు. అక్కడ మిషన్ ఒక్కటే, మేము పన్నెండు మందిమి. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, ఆదివారం సెలవు. అంటే మనిషికి వారానికి ఒక్కసారే.

"రెండుసార్లన్న గావాలె. ఒక్కసారితోని లాగుడే గని బాగుండుడు ఉండది," అని డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు.

నాది గురువారం. సోమవారానికే ఆయాసం మొదలయ్యేది. రోజుకు రెండు గ్లాసుల నీళ్ళు, అంతే. వాటన్నిటికంటే ఎక్కువ నన్ను చంపినవి కాళ్ళు. పడుకుంటే పిక్కల లోపల చీమలు పాకేవి. కదిలిస్తే ఒక్క క్షణం హాయి, ఆపితే మళ్ళీ అదే. కూర్చోలేను, పడుకోలేను, నిలబడలేను. "రెస్ట్‌లెస్ లెగ్స్ అంటరు. డయాలసిస్ సరిపోకుంటే వస్తది," అన్నారు డాక్టరుగారు. ఇన్‌స్టిట్యూట్‌లో బల్లల మధ్య తిరుగుతూనే పాఠం చెప్పేవాణ్ణి. "సారు ఈ నడుమ కన్ను గూడ తిప్పనిస్తలేడు," అని పిల్లలు గొణుక్కునేవారు. జబ్బని ఎవరికీ చెప్పలేదు. పొడుగు చేతుల చొక్కాలో ఫిస్టులా దాచుకుని తిరిగాను.

సెంటర్‌లో మిషన్ నడిపే టెక్నీషియన్ యాదగిరి. పోలీసు సెలక్షన్ల కోసం ఏళ్ళ తరబడి పరుగెత్తి, ఉద్యోగం రాక ఈ పని నేర్చుకున్నవాడు. ఒకరోజు మమ్మల్నందరినీ పిలిచి, "నాకు మంచిగ వచ్చింది ఉరుకుడొక్కటే. గ్రౌండు చుట్టు వంద చుట్లు ఉరుకుత. చుట్టుకింత ఇస్తమని జనంతోని రాపియ్యుండ్రి. రెండో మిషన్ కొందం," అన్నాడు. తలా ఒక రసీదు పుస్తకం చేతిలో పెట్టాడు. చిక్కడపల్లి, అశోక్‌నగర్ నా వంతు.

అందరికంటే ముందు పుస్తకం నింపింది బాలయ్య. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ, రాంనగర్ బస్తీలో ఉండేవాడు. అతని వంతు శనివారం. రక్తపరీక్షల వరసలో కలిస్తే, ఎలా అడిగావని అడిగాను.

"ఎట్లేందన్నా? పొద్దుగాల కూలీల అడ్డా మీద నిలబడ్డ. నాకు బిమారైంది, ఇంకో మిషన్ గావాలె అన్న. సిగ్గుపడితే సస్త గద!"

నేను సిగ్గుపడ్డాను. ఇంటింటికీ వెళ్ళి "బీద రోగుల కోసం" అన్నాను. నేనే ఆ రోగినని మాత్రం చెప్పుకోలేదు. "వినాయక చవితి అయిపాయె గద సార్, మళ్ళ చందా ఏంది?" అన్నాడు కిరాణా కొట్టాయన. ఒకావిడ లోపలికి వెళ్ళి రెండు రూపాయల బిళ్ళ తెచ్చి అరచేతిలో పెట్టింది. తల కొట్టేసినట్టయింది. పుస్తకం సొరుగులో పడేశాను. యాదగిరి అడిగినప్పుడల్లా పరీక్షలు కానీ, కొత్త బ్యాచ్ చేరనీ అంటూ వచ్చాను. నా రెండు పేటలూ ఖాళీగా ఉన్నాయని నవంబరులో అనుకున్న పరుగును జనవరికి జరిపారు.

డిసెంబరు చివర ఒక గురువారం నేను మిషన్ మీద ఉండగా బాలయ్యను ఆటోలో తెచ్చారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. గుమ్మంలోంచి ఆ శ్వాస నాకు వినిపిస్తోంది. "నన్ను దింపుండ్రి!" అని అరిచాను. నన్ను దింపి, మిషన్ కడిగి, మళ్ళీ సిద్ధం చేసేంత వ్యవధి లేదని అతన్ని పెద్ద ఆసుపత్రికి పంపారు. దారిలోనే పోయాడు.

"ఆయన గుండె ముందుగాలనే వీక్. మీరు మీదేసుకోకండి," అన్నారు డాక్టరుగారు. ఆయన మంచివారు. నేను మాత్రం వేసుకున్నాను, ఇవాళ్టికీ దించలేదు.

మర్నాడు పొద్దున్నే చొక్కా చేతులు పైకి మడిచి, పుస్తకం తీసుకుని బయల్దేరాను. మొదటి తలుపు మా పక్కింటి అనసూయమ్మగారిది, రిటైరైన టీచరు.

"ఎవరికి బిడ్డా చందా?"

"నాకేనమ్మా."

చెయ్యి చాపాను. ఆవిడ ఫిస్టులా మీద వేలు పెట్టి, లోపల రక్తం జుయ్‌మంటుంటే ఉలిక్కిపడ్డారు. "గోడకు గోడ ఆనుకోని ఉన్నం. ఏడాది సంది చెప్పకపోతివి, నోరు పడిపోయిందా?" అని చెడామడా తిట్టారు. పుస్తకం లాక్కుని రాస్తూ, "వంద చుట్లేంది? నూటెనిమిది చెయ్యమను. గుడి చుట్టయినా గ్రౌండు చుట్టయినా లెక్క లెక్కనే!" అన్నారు. ఆవిడ రాసింది చూసి మిగతా ఇళ్ళవాళ్ళూ నూట ఎనిమిదికే రాశారు. యాదగిరి లబోదిబోమన్నాడు. "ఆ ఎనిమిది చుట్లే మూడు కిలోమీటర్లు మాస్టారూ!"

జనవరిలో ఒక ఆదివారం, తెల్లవారుతుండగా పరుగు మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి కాళ్ళు పట్టేసి ఈడుస్తున్నాడు. మేము చుట్లకు గీతలు పెడుతున్న పుస్తకంలో నూట ఎనిమిది పూర్తయ్యి, అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. తులసిమాల పట్టుకుని పొద్దుట్నించీ లెక్కపెడుతున్న అనసూయమ్మగారు లేచారు.

"నా మాలల ఇంకొక్క పూస ఉన్నది."

నేను పోట్లాడాను. ఆవిడ వినలేదు. యాదగిరి ఏడవలేక నవ్వి మళ్ళీ కదిలాడు. నాకు ఎలాగూ కూర్చునే యోగం లేదు, పక్కన నడిచాను. అప్పటికి అతనిదీ నడకే. "బాలయ్య ఉంటే డాన్సు చేస్తుండె," అన్నాడు. ఏడ్చేశాను, అందరూ చూస్తుండగానే.

మార్చిలో రెండో మిషన్ వచ్చింది. వారానికి రెండుసార్లు పడగానే నెలలోపే కాళ్ళు నెమ్మదించాయి. జబ్బు పోలేదు, పోదు. కానీ నిద్రపోతున్నాను, పాఠం కూర్చుని చెబుతున్నాను, విజయ మీద అరవడం సగానికి తగ్గింది. సగమే అని ఆవిడ అంటోంది.

ఇప్పుడు రెండు మిషన్లూ నిండిపోయాయి. గుమ్మం బయట మళ్ళీ ఎనిమిది మంది పేర్లు రాసుకుని కూర్చున్నారు. మూడో మిషన్ కోసం యాదగిరి వచ్చే నెల మళ్ళీ పరుగెత్తుతున్నాడు. రోగులకు నేను చెప్పేది ఒక్కటే, అడిగేటప్పుడు నాకేనని అడగండి. ఇచ్చేవాళ్ళు ఎంత ఇవ్వాలో అని తర్జనభర్జన పడకండి.

మొన్న గురువారం ఆ ఎనిమిది మందిలో ఒకామె నన్ను ఆపి, "అన్నా, మీ కాళ్ళు ఆగినయంట, నిజమేనా?" అని అడిగింది. నిజమేనమ్మా, కూర్చో, మాట్లాడుకుందాం అన్నాను. పక్కనే కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె కూర్చోలేకపోయింది, వరండాలో అటూ ఇటూ నడుస్తూనే మాట్లాడింది. మూడో మిషన్‌కు మీరూ ఇవ్వాలనుకుంటే ఈ వారమే ఇవ్వండి.